రోజుకు 50 ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టినా నోటికి రావడం లేదు, ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: గుంటూరులో బీటెక్ చివరి ఏడాది. విదేశీ చదువుల కోసం జీఆర్ఈ ప్రవేశ పరీక్ష, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయాలనుకుంటున్నారు. మూడు నెలలుగా జీఆర్ఈ జాబితాలోంచి రోజుకు 50 మాటలు చదువుతున్నారు, నాగా పెట్టిన రోజులు పోను 3000 దాటాయి. అయినా ఇంగ్లీషు పేపర్లో సంపాదకీయం తీస్తే ఆ మాటలు ఎక్కడో చూసినట్టు ఉంటాయి తప్ప అర్థం తట్టదు. మాట్లాడేటప్పుడు ఒక్కటీ నోటికి రాదు. లోపం జ్ఞాపకశక్తిదా, పద్ధతిదా, ఏ పుస్తకం కొనాలి, ఎన్నాళ్లు పడుతుంది అని అడిగారు.

జ్ఞాపకశక్తిలో ఏ లోపమూ లేదు. 1885లో జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే పరిశోధకుడు అర్థంలేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసి, ఎంత త్వరగా మరచిపోతామో కొలిచి చూపించాడు. మరపు ఎక్కువ భాగం మొదటి రోజులోనే జరిగిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ‘అబ్‌స్టెమియస్ అంటే మితాహారి’ అని ఒక వరుసలో చదివితే ఆ మాట కూడా మీ మెదడుకు అర్థంలేని అక్షరాల గుంపే. దానికి అటూ ఇటూ పట్టుకొమ్మలు లేవు. మాట అంటే అర్థం ఒక్కటే కాదు. అది ఎవరితో కలిసి వస్తుంది, ఎంత బరువుంది, ఎవరి నోట పలుకుతుంది, ఎక్కడ పలకదు అన్నవన్నీ కలిస్తే మాట. మీరు 3000 అర్థాలు చదివారు, మాటలు ఇంకా నేర్చుకోలేదు.

ముందు లెక్క చూడండి. ఒక మాటను నిలుపుకోవాలంటే ఎడం పెంచుకుంటూ మళ్లీ మళ్లీ చూడాలి. ఆంకీ లాంటి కార్డుల యాప్‌లో (ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు ఉండే కార్డులు) రోజుకు ఎన్ని కొత్త కార్డులు వేస్తే, కొన్ని వారాలకు రోజూ తిరగేయాల్సిన పాతవి దానికి 7 నుంచి 10 రెట్లకు చేరతాయి. రోజుకు 50 కొత్తవంటే 350 నుంచి 500 పాతవి. గంటకు పైగా పని. కాలేజీ, ప్రాజెక్టు ఉన్నవాళ్లు ఎవరూ చేయలేరు, కాబట్టి చేయరు, కాబట్టి మరచిపోతారు. రోజుకు 8 కొత్తవి వేస్తే 60 నుంచి 80 పాతవి వస్తాయి, పావుగంటలో అయిపోతాయి. ఏడాదిలో 300 రోజులు చేస్తే 2400 మాటలు, అవీ నిజంగా మీవైనవి.

ఇక ఏ మాటలు? పదజాల పరిశోధకులు ‘పద కుటుంబం’ లెక్కన కొలుస్తారు. చదువు, చదివించు, చదువరి మనకు ఒకే కుటుంబం అయినట్టు డిరైవ్, డెరివేషన్, డెరివేటివ్ ఒకటే. పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం పేపరు, నవల వంటివి ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే 8000 నుంచి 9000 కుటుంబాలు తెలియాలి. అప్పుడు నూటికి 98 మాటలు తెలిసినవే ఉంటాయి, అంటే 300 మాటల పేజీలో తెలియనివి ఆరు. నూటికి 95 మాత్రమే తెలిస్తే అదే పేజీలో 15 తెలియవు, చదవడం గుంతల రోడ్డు మీద ప్రయాణమైపోతుంది.

మన పిల్లల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు మూడు మెట్లలో (రోజువారీ మాటలు, చదువుల్లో వచ్చే మాటలు, అరుదైన మాటలు) మధ్యది దాటేయడం. రోజువారీ 2000 మాటలు వస్తాయి. అక్కడి నుంచి నేరుగా ‘సెస్క్విపిడేలియన్’ మీదికి దూకుతారు. మధ్యలో ‘ఆల్‌బీట్’, ‘సబ్సిక్వెంట్’, ‘ప్రిజ్యూమబ్లీ’, ‘నాట్‌విత్‌స్టాండింగ్’, ‘డిస్క్రెషన్’ వంటివి సగం సగం తెలిసి ఉండిపోతాయి. చదివేటప్పుడు అర్థం జారిపోయేది ఎక్కువగా వీటి దగ్గరే. 2000లో ఎవరిల్ కాక్స్‌హెడ్ తయారుచేసిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 కుటుంబాలున్నాయి. పాఠ్యగ్రంథాలు, పరిశోధన పత్రాల్లో పదింట ఒక మాట సుమారుగా ఈ జాబితాలోదే. ఇది ఉచితంగా దొరుకుతుంది. మీ 3000 పక్కన పెట్టి ముందు ఈ 570 తీయండి. తెలుసనుకున్నవాటిలో ఎన్నిటితో తడుముకోకుండా వాక్యం రాయగలరో చూసుకోండి. రాయలేనివన్నీ కార్డులకు ఎక్కుతాయి.

ఇదే మెట్టులో ఇంకో చాటు ప్రమాదం, తెలిసిన మాటకు తెలియని అర్థం. ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అంటే అర్హత గల మద్దతు కాదు, షరతులు పెట్టిన మద్దతు. ‘వారంట్’ క్రియగా వస్తే ‘అంత అవసరం ఉంది’ అని. ‘చెక్’ అంటే అదుపు, ‘ఎకానమీ’ అంటే పొదుపు, ‘గ్రావిటీ’ అంటే పరిస్థితి తీవ్రత. జీఆర్ఈ వాళ్లకు ఇలాంటివంటే చాలా ఇష్టం, ఎందుకంటే జాబితా బట్టీ పట్టినవాడు సరిగ్గా ఇక్కడే జారిపోతాడు.

కార్డు ఎలా రాయాలో చెబుతాను, ఫలితంలో సగం ఇక్కడే తేలుతుంది. ముందు వైపు మాట రాయవద్దు. మీరు చదివిన వాక్యమే రాసి, ఆ మాట ఉన్నచోట ఖాళీ పెట్టి, మొదటి అక్షరం మాత్రం ఇవ్వండి. మాట చూసి అర్థం చెప్పడం చదవడానికే పనికొస్తుంది. అర్థం చూసి మాట వెతుక్కోవడమే మాట్లాడటానికి పనికొస్తుంది, మీరు వదిలేసింది ఆ రెండోదే. వెనక వైపు నాలుగు సంగతులు: మాట, ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో ఒక గీత, దానితో తరచూ వచ్చే రెండు జోడీలు, చివర ఒక తెలుగు మాట. ఉదాహరణకు ‘మిటిగేట్’. ఊనిక మొదటి అక్షరం మీద. జోడీలు ‘మిటిగేట్ ది రిస్క్’, ‘మిటిగేట్ ది ఎఫెక్ట్స్ ఆఫ్ ఫ్లడ్స్’. తెలుగులో తీవ్రత తగ్గించు. కింద చిన్నగా ఒక హెచ్చరిక: దీని తర్వాత ‘అగెయిన్‌స్ట్’ రాదు, అది వచ్చేది ‘మిలిటేట్’ తర్వాత. ఇంత రాయడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. రోజుకు 8 చాలన్నది అందుకే.

జోడీలు ఎక్కడ దొరుకుతాయంటే, మామూలు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో దొరకవు. లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాళ్ల లెర్నర్స్ నిఘంటువులు నెట్‌లో ఉచితం. లాంగ్‌మన్‌లో అర్థాలన్నీ సుమారు 2000 సులువైన మాటలతోనే రాస్తారు, కాబట్టి ఒక మాట కోసం వెతికి ఇంకో మూడు మాటల కోసం తిరగాల్సిన పని ఉండదు. ఇంకా అనుమానముంటే కోకా అనే అమెరికన్ ఇంగ్లీషు భాండాగారం ఉంది, 100 కోట్లకు పైగా మాటల పాఠం, పేరు నమోదు చేసుకుంటే చాలు. ‘హెవీ రెయిన్’ ఎన్నిసార్లు, ‘స్ట్రాంగ్ రెయిన్’ ఎన్నిసార్లు అని కొట్టి చూస్తే తేలిపోతుంది. కొత్త పుస్తకం కొనాల్సిన అవసరం మీకు ఇప్పుడు లేదు.

ఫోన్ తీస్తే చేయి ఇంకెటో పోతుందనుకునేవాళ్లకు అట్టపెట్టె పద్ధతి చాలా మంచిది. ప్రింటింగ్ ప్రెస్సుల్లో మిగిలిన అట్టముక్కలను అరచేయంత సైజులో కోయించుకోండి. చెప్పుల పెట్టెలో ఐదు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది 3 రోజులకు, మూడోది వారానికి, నాలుగోది 16 రోజులకు, ఐదోది 35 రోజులకు తిరగేయాలి. తెలిసిన కార్డు ముందు అరకు పోతుంది, తప్పిన కార్డు ఎంత దూరం వెళ్లినా మొదటి అరకు తిరిగొస్తుంది. ఇది 1970లలో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, ఇప్పటి యాప్‌లకు పూర్వరూపం. ఆండ్రాయిడ్‌లో అయితే ఆంకీడ్రాయిడ్ ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. ఆంకీలో ఒక కార్డు 8 సార్లు తప్పితే దానంతట అదే దానికి ‘లీచ్’ అని గుర్తు వేస్తుంది, సెట్టింగ్‌ను బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. అలా పక్కకు పోయినదాన్ని మళ్లీ లోపలికి తోయకండి, ఆ కార్డు రాసిన తీరే బాగాలేదని అర్థం. వేరే వాక్యంతో కొత్తగా రాయండి.

ఇప్పుడు అసలు సంగతి. తెలుగు తెలిసి ఉండటం ఈ పనిలో అడ్డం అనుకుంటారు. సరిగా వాడుకుంటే అదే పెద్ద బలం. ఒక్క ఉదాహరణ వివరంగా చూడండి.

మనం ‘వచ్చాడట’ అంటాం. ఆ ఒక్క ‘ట’తో, నేను చూడలేదు, విన్నది చెబుతున్నాను అని బాధ్యత పక్కన పెట్టేస్తాం. ఇంగ్లీషు క్రియకు అలాంటి ప్రత్యయం లేదు. ఆ పనికి వాళ్లకు అరడజను మాటలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో తూకం. ‘అపారెంట్లీ’ అంటే నాకు తెలిసినంతలో సంగతి ఇదీ అని. దాన్ని ‘స్పష్టంగా’ అని చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అది దాదాపు తలకిందుల అర్థం. ‘రిపోర్టెడ్లీ’ వార్తల భాష, ఎవరో రాశారు, మేం సొంతంగా నిర్ధారించుకోలేదు అని. ‘అలెజిడ్లీ’ నేరం, తప్పు ఉన్నచోట మాత్రమే వస్తుంది. లంచం తీసుకున్నాడట అనేచోట అది సరిపోతుంది. మంత్రిగారు గుంటూరు వచ్చారట అనేచోట పెడితే గుంటూరు రావడమే ఒక నేరమైనట్టు ఉంటుంది. ‘సపోజిడ్లీ’లో నాకు నమ్మకం తక్కువ అనే ధ్వని ఉంది. ‘పర్పోర్టెడ్లీ’ ఫలానావారిదని చెప్పుకుంటున్న ఉత్తరానికో వీడియోకో వాడతారు. ‘ఆస్టెన్సిబ్లీ’ అన్నిటికంటే పదునైనది: పైకి చెప్పిన కారణం ఇదీ, లోపలిది వేరే ఉంది. మేనమామను చూడటానికట, వచ్చింది మాత్రం పొలం బేరానికి అంటామే, ఆ ‘ట’లో ఉన్నది ఆస్టెన్సిబ్లీయే.

ఇలా తెలుగు వైపు నుంచి వెతికితే మాట ఖాళీ జాగాలో పడదు, మీకు పుట్టుకతో తెలిసిన భావంలో పడుతుంది. అందుకే మీకు రెండో నోట్‌బుక్ ఒకటి కావాలి. ఇంగ్లీషులో చెప్పాలని తడుముకున్న తెలుగు మాటలు అందులో రాయండి: మొహమాటం, ఉక్రోషం, చనువు, దెప్పిపొడవడం, నసగడం. ఒక్కోదానికి వారంలో ఒక దారి వెతకండి. మొహమాటానికి ‘షై’ సరిపోదు. కాదనలేకపోవడం అందులో ఉంది, కాబట్టి ‘టూ పొలైట్ టు రెఫ్యూజ్’ అని మూడు నాలుగు మాటల్లో చెప్పాల్సిందే. ఉక్రోషానికి ‘పీక్’ దగ్గరగా వస్తుంది, ‘ఇన్ ఎ ఫిట్ ఆఫ్ పీక్’ అనే జోడీలో. నసగడానికి ‘హెమ్ అండ్ హా’ ఉంది. జాబితాలో ఎవరో ఎంచిన మాటకంటే మీకు అవసరమై వెతుక్కున్న మాట ఎక్కువ కాలం నిలుస్తుంది.

రుచుల సంగతీ అంతే. మిర్చి యార్డు దరిదాపుల్లో నడిచేవాళ్లకు ‘పంజెంట్’ అంటే వివరించక్కర్లేదు, ముక్కుపుటాలకు తగిలే ఆ ఘాటే. ఎండుమిర్చి మాడితే గొంతు పట్టే పొగ ‘ఏక్రిడ్’. వగరు మనకు పసిపిల్లలకు కూడా తెలిసిన మాట, పచ్చి అరటికాయ, పోకచెక్క, పిందె నేరేడు. ఇంగ్లీషులో దానికి వీధిలో పలికే మాట లేదు, ‘ఆస్ట్రింజెంట్’ అనే పెద్ద మాటే దిక్కు. ఈ మూడూ మాటతీరుకు కూడా వాడతారు. ‘ఆస్ట్రింజెంట్ విట్’ అంటే నాలుక ముడుచుకుపోయేలాంటి చమత్కారం, ‘ఏక్రిడ్ డిబేట్’ అంటే కక్షతో సాగిన వాదన. కారంగా మాట్లాడాడు అనే మనకు ఆ దారి కొత్తదేమీ కాదు.

బరువు విషయంలో కూడా తెలుగే కొలబద్ద. చచ్చిపోయాడు, చనిపోయారు, కాలం చేశారు, పరమపదించారు. వీటిలో ఏది ఎక్కడ అనాలో మీకెవరూ నేర్పలేదు, పొరపాటున కూడా తప్పరు. ప్రతి ఇంగ్లీషు మాటకూ అలాంటి మెట్టు ఒకటి ఉంటుంది. పొదుపరిని ‘థ్రిఫ్టీ’, ‘ఫ్రూగల్’ అంటే మెచ్చుకోలు. ‘పార్సిమోనియస్’ అంటే ఎంగిలిచేత్తో కాకిని తోలడు అని. ‘స్టింజీ’ కూడా అదే తిట్టు, కాకపోతే ఇంట్లో మాట. స్కాలర్‌షిప్ వ్యాసంలో ‘మా నాన్నగారు పార్సిమోనియస్’ అని రాస్తే మెచ్చుకోబోయి తిట్టినట్టే. పర్యాయపదాల నిఘంటువు తెరిచి పెద్దగా కనిపించింది ఎంచుకునే అలవాటు ఇలాంటి చోట్లే ముంచుతుంది. ‘ప్లెథొరా’ అంటే చాలా కాదు, అవసరానికి మించి అని. ‘యూజ్’ సరిపోయినచోట ‘యుటిలైజ్’ రాయవద్దు. పెద్ద పదసంపద ఉన్నవాడి రాతలో చిన్న మాటలే ఎక్కువ ఉంటాయి, పెద్ద మాట దాని అవసరం పడిన చోటే కనిపిస్తుంది.

ధాతువులు, అంటే మాటల మూలాలు, పట్టుకుని నేర్చుకునే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. అది పనికొస్తుంది, హద్దులో ఉంచితే. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇందులో తెలియకుండానే సగం తెలుసు. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం: ధాతువు ఒకటే, ముందు చేరిన ఉపసర్గ అర్థాన్ని ఎక్కడికో లాక్కుపోయింది. వ్యాకరణం చదివినవాళ్లు ‘ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే’ అనే శ్లోకం వినే ఉంటారు, ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి లాక్కుపోతుంది అని. లాటిన్ నుంచి ఇంగ్లీషుకు వచ్చిన మాటల్లో జరిగింది అచ్చంగా అదే. ‘ఇన్‌స్పెక్ట్’, ‘ప్రాస్పెక్ట్’, ‘రెట్రోస్పెక్ట్’, ‘సర్కమ్‌స్పెక్ట్’ అన్నిటిలో ఉన్నది చూడటమే. నాలుగు వైపులా చూసి అడుగు వేసేవాడు సర్కమ్‌స్పెక్ట్, ఆచితూచి నడిచేవాడు.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే భాషాకుటుంబం కాబట్టి కొన్ని ధాతువులు నేరుగా చుట్టాలే. జ్ఞా: ‘కాగ్నిషన్’, ‘డయాగ్నసిస్’, ‘అగ్నాస్టిక్’, చివరికి మూగ ‘కె’తో మొదలయ్యే ‘నో’ (తెలుసు) కూడా. అజ్ఞానంలో ముందున్న ‘అ’, అగ్నాస్టిక్‌లో ముందున్న ‘అ’ ఒకటే. మృ: ‘మోర్టల్’, ‘మోర్చువరీ’, ‘ఇమ్మోర్టల్’. స్థా: మనకు సంస్థ, అవస్థ, వ్యవస్థ. వాళ్లకు ‘కాన్‌స్టిట్యూట్’, ‘సబ్‌స్టిట్యూట్’, ‘అబ్‌స్టకల్’. ఇలాంటివి ఒక 40 ధాతువులు, 20 ఉపసర్గలు తెలిస్తే చాలు. ఆపై దీన్ని గుర్తుపెట్టుకోవడానికే వాడండి, అర్థం ఊహించడానికి వద్దు. శ్లోకంలోని ‘బలాత్’ అన్న మాట మరవకండి. ‘ఎనర్వేట్’ వినడానికి ఎనర్జీ ఇచ్చేలా ఉంటుంది, అర్థం నీరసపరచడం. ‘రెస్టివ్’ అంటే విశ్రాంతిగా ఉన్నవాడు కాదు, కుదురులేక ఎదురు తిరగబోయేవాడు. ‘నాయిసమ్’లో చప్పుడు లేదు, కంపు ఉంది.

ఇక చెడిపోయే చోట్లు. మొదటిది, ఒకే అర్థం ఉన్న మాటలను ఒకే రోజు నేర్చుకోవడం. జాబితాలన్నీ ఇలాగే పేర్చి ఉంటాయి: ‘లకానిక్’, ‘టర్స్’, ‘టాసిటర్న్’, ‘రెటిసెంట్’, ‘సక్సింక్ట్’, అన్నిటికీ ‘తక్కువగా మాట్లాడు’. ఐదూ ఒకేసారి తలకెక్కిస్తే ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అవుతాయి. ఒకటి తీసుకోండి, అది స్థిరపడ్డాక రెండు వారాలకు రెండోది. రెండోది వచ్చినప్పుడే తేడా రాసుకోండి: టాసిటర్న్ మనిషి స్వభావం, టర్స్ ఆ క్షణంలోని మాట, కాస్త కోపం కూడా కలిసి ఉండవచ్చు, సక్సింక్ట్ మెచ్చుకోలు.

దీనికి బదులు ఒకే సంఘటనలో కనిపించే మాటలను కలిపి నేర్చుకోవచ్చు. అవి ఒకదానికొకటి అడ్డం రావు, ఆసరా అవుతాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగుకు గండిపడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటి ఇంగ్లీషు వార్తలు నెట్‌లో ఉన్నాయి, వెతికి నాలుగైదు చదవండి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లిన రోజులవి. ‘బ్రీచ్’ గండి, ‘ఇనండేటెడ్’ జలమయం, ‘మరూన్డ్’ చుట్టూ నీరు చేరి చిక్కుకుపోయినవాళ్లు, ‘రిసీడ్’ నీరు తీయడం. ఏం జరిగిందో మీకు ముందే తెలుసు కాబట్టి మాట ఎక్కడ అతుక్కోవాలో అక్కడ అతుక్కుంటుంది. తర్వాత అవే మాటలు వేరే చోట ఎదురైతే, ‘బ్రీచ్ ఆఫ్ కాంట్రాక్ట్’, ‘ఇనండేటెడ్ విత్ కంప్లెయింట్స్’, ‘రిసీడింగ్ హెయిర్‌లైన్’ అంటే, గండీ ముంపూ కళ్ల ముందు మెదిలి అర్థం చెప్పేస్తాయి.

రెండోది, తెలుగులో కలిసిపోయి అర్థం మారిన ఇంగ్లీషు మాటలు. ఇవి తెలుసనుకుంటాం కాబట్టి ఎవరూ సరిచూసుకోరు. మంగళవారం ప్రయాణం పెట్టుకోకపోవడం మనకు ‘సెంటిమెంట్’, ఇంగ్లీషులో అది ‘సూపర్‌స్టిషన్’. అక్కడ ‘పబ్లిక్ సెంటిమెంట్’ అంటే జనాభిప్రాయం. ఫీలయ్యాడు అంటే మనకు నొచ్చుకున్నాడు, వాళ్లకు ‘ఫీల్’ తర్వాత ఏం అనిపించిందో చెప్పాలి. విదేశీ ప్రొఫెసర్‌కు ‘ఐ హావ్ ఎ డౌట్’ అని రాస్తే ఆయన చెప్పినదాన్ని మీరు నమ్మడం లేదని వినిపించవచ్చు. ‘క్వశ్చన్’ అనండి. మనిషి పోతే ‘ఎక్స్‌పైర్డ్’ అనడం మన దగ్గర మర్యాద, బయటివాళ్ల చెవికి మందు సీసా మీది తేదీ. ఇవి తప్పులని కాదు, మన ఇంగ్లీషులో చెల్లుతాయి. ఎక్కడ చెల్లవో తెలియడమే పై మెట్టు.

క్రియకు చిన్న మాట చేరిన జంటలను కూడా పదసంపదలో చేర్చండి, ‘ఫాల్ త్రూ’, ‘రూల్ అవుట్’, ‘పుట్ అప్ విత్’ వంటివి. మన ‘కొట్టేశాడు’ అంటే దొంగిలించాడని ‘కొట్టు’ నుంచి ఊహించలేనట్టే వాటినీ విడగొట్టి ఊహించలేం. మొత్తంగా ఒకే కార్డు.

మూడోది ఉచ్చారణ. చదివి మాత్రమే నేర్చుకున్న మాట నోటికి రాకపోవడానికి పెద్ద కారణం భయం, ఎలా పలకాలో తెలియదు కాబట్టి నాలుక వెనక్కి తగ్గుతుంది. తెలుగు అచ్చులతో ముగిసే భాష, ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఊనిక తప్పితే మాటే గుర్తుపట్టరు. నిఘంటువు సైట్లలో స్పీకర్ గుర్తు నొక్కి మూడుసార్లు విని, మూడుసార్లు పైకి అనండి, తర్వాతే కార్డు రాయండి. స్పెల్లింగ్ మోసం చేసేవి వేరే పేజీలో పెట్టుకోండి: ‘ఎపిటమీ’ నాలుగు అక్షరాలు, ‘హైపర్‌బలీ’ కూడా అంతే. ‘సటిల్’లో బి పలకదు, ‘ఇండైట్’లో సి పలకదు, ‘ఫసాడ్’లో సి అక్షరాన్ని ‘క’ అనరు, ‘స’ అంటారు. ‘సూపర్‌ఫ్లువస్’లో ఊనిక రెండో అక్షరం మీద.

రోజు ఎలా గడపాలంటే, 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు. 20 చదవడానికి, 15 పాత కార్డులకు, 10 కొత్త కార్డులకు, రాతకు. కొత్త 8 కార్డులూ పది నిమిషాల్లో పట్టవు, కాబట్టి మొదటి నెల రోజుకు 3 లేదా 4 వేయండి. చేయి తిరిగాక, జోడీలు వెంటనే తడుతున్నప్పుడు 8కి పెంచండి. పరీక్షలప్పుడు కొత్తవి పూర్తిగా ఆపండి, పాతవి మాత్రం ఆపకండి. బాకీ పడ్డ కార్డులు 150 దాటితే అవి తీరేవరకు ఒక్క కొత్తదీ వద్దు.

20 నిమిషాల్లో మీరు సుమారు 3000 మాటలు చదువుతారు, అందులో 60 దాకా తెలియనివి తగలవచ్చు. అన్నీ ఏరకండి. చదువుతున్నప్పుడు పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకు పోండి, నిఘంటువు తీయవద్దు. అయిపోయాక చుక్కల్లోంచి మూడు రకాలు ఎంచండి: అది లేకపోతే వాక్యమే అర్థం కానిది, వారంలో రెండోసారి కనిపించినది, మీరు ఎక్కడ వాడతారో వెంటనే తట్టినది. మిగతావి వదిలేయండి, అవసరమైనవి మళ్లీ ఎదురవుతాయి.

సంపాదకీయాలు ఒక్కటే చదవడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. వాటి భాష ఒకే మూసలో ఉంటుంది, ‘ఎగ్రీజియస్’ వస్తుంది గానీ వంటగది, బడి, ఆస్పత్రి, పోట్లాట రావు. వారంలో రెండు రోజులు సంపాదకీయం, రెండు రోజులు సైన్స్ లేదా ఆర్థిక వ్యాసం, రెండు రోజులు కథ గానీ నవల గానీ పెట్టుకోండి. దీనికి ఖర్చు అక్కర్లేదు. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఇంగ్లీషు నవలలు, పాత పత్రికలు చవకగా దొరుకుతాయి, ఒక ఆదివారం వెళ్లి ఏరుకోండి. ఎంచేటప్పుడు ఏదో ఒక పేజీ తెరిచి చదవండి. తెలియని మాటలు ఐదారు ఉంటే కొనండి, పదిహేనుంటే ఏడాది తర్వాత దానికోసం రండి.

రాతకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో పాటించిన పద్ధతిని మించినది లేదు. మంచి పేరా ఒకటి, 120 మాటలది, చదివి ప్రతి వాక్యానికీ ఒక చిన్న గుర్తు మాట రాసుకోండి. పేజీ మూసేయండి. ఒక రోజు ఆగి ఆ గుర్తులతో పేరాను మీ మాటల్లో తిరిగి రాయండి. ఇప్పుడు అసలుతో పక్కపక్కన పెట్టండి. మీరు ఆరు మాటలు పెట్టినచోట ఆ పేరా రాసినవాడు ఒక్కటి పెట్టి ఉంటాడు. ఆ ఒక్కటే మీ ఆ రోజు కార్డు. వారానికి రెండుసార్లు చాలు.

మాట్లాడటానికి, ఒకే విషయాన్ని మొదట 4 నిమిషాలు, తర్వాత 3, తర్వాత 2 నిమిషాల్లో చెప్పండి. సంగతి మారదు, సమయం తగ్గుతుంది, కాబట్టి వదులు మాటలు రాలిపోయి బిగువు మాటలు వాటంతట అవే వస్తాయి. వారపు కార్డుల్లోంచి రెండు మాటలు మాత్రమే ముందుగా అనుకోండి, ఐదారు అనుకుంటే మాట కృతకమవుతుంది. గుంటూరు–విజయవాడ రైల్లో రోజూ వెళ్లే స్నేహితులుంటే ఇద్దరు కలిసి చేయడానికి అనువైన పని ఇది, ఒకరు చెబుతుంటే ఇంకొకరు గడియారం చూడాలి.

పరీక్ష సంగతి. 2011లోనే జీఆర్ఈ నుంచి వ్యతిరేకపదాలు, సాదృశ్యాలు తీసేశారు. ఒంటరి మాటకు అర్థం అడిగే ప్రశ్న ఇప్పుడు లేదు, ఖాళీ పూరించడం, చదివి అర్థం చేసుకోవడం ఉన్నాయి. 2023 సెప్టెంబర్ నుంచి వెర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలే. 2011కు ముందు కాలపు జాబితా జిరాక్సులు ఎవరిచ్చినా పక్కన పెట్టండి. ఐఈఎల్‌టీఎస్ కూడా రాస్తానన్నారు కదా, అందులో రైటింగ్, స్పీకింగ్ రెండింటిలో నాలుగో వంతు మార్కులు పదసంపదకే. వాళ్లు చూసేది అరుదైన మాట పడిందా అని మాత్రమే కాదు, అది సరైన జోడీతో, సందర్భానికి తగ్గట్టు పడిందా అని.

ఎన్నాళ్లు అన్నదానికి: మీరు ఇప్పుడు ఎక్కడున్నారో ముందు కొలవండి. నేషన్ తయారుచేసిన పద పరిమాణ పరీక్ష నెట్‌లో ఉచితం, 140 ప్రశ్నలు, వచ్చిన మార్కును 100తో గుణిస్తే మీకు తెలిసిన పద కుటుంబాల అంచనా. ఊహించి గుర్తు పెట్టవద్దు, తెలియనిది వదిలేయండి. 5000 దగ్గర ఉంటే, పైన చెప్పిన లెక్కన కార్డులూ చదువూ కలిసి 8000 చేరడానికి ఏడాదిన్నర పడుతుంది. జీఆర్ఈ అంతకంటే ముందే ఉంటే 570 జాబితానూ మాట జోడీలనూ ముందుకు జరిపి, ధాతువులను పరీక్ష తర్వాతకు వాయిదా వేయండి. మీ పాత 3000 జాబితా చింపేయకండి. చదువుతూ పోతుంటే అందులోవి వాక్యాల్లో ఎదురవుతాయి, ఎదురైనప్పుడల్లా ఆ జాబితాలో ఒక టిక్ పెట్టండి. రెండు టిక్కులు పడ్డ మాటకు కార్డు రాయండి.